పాత కంప్యూటర్‌లో ఫైలు పేరు మారకపోతే, కాపీ కాకపోతే: సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు చాలా డీటీపీ షాపుల్లో ఈనాటికీ ఒక మూలన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది. దానికి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8నే మద్దతు ఆపేసింది. అయినా ఎవరూ దాన్ని వదులుకోరు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన తెలుగు శుభలేఖలు, ఆకృతి ఫాంట్లతో కూర్చిన ఒడియా నిమంత్రణ పత్రాలు, స్టూడియో ఫోటోలు, భూమి పట్టాల స్కాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. అక్కకు వేసిన కార్డు మోడల్‌లోనే చెల్లెలికీ వేయమని ఇచ్ఛాపురం నుంచీ పాతపట్నం నుంచీ వచ్చి అడిగేవాళ్లుంటారు. అప్పుడు పాత ఫైలు వెతకాలి, పేరు మార్చాలి, కొత్త కంప్యూటర్‌లోకి కాపీ చేయాలి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ముందుగా ఒక మాట. తెర మీద వచ్చే ఎర్రర్ మెసేజ్ ఏ పని జరగలేదో చెబుతుంది, ఎందుకు జరగలేదో చాలాసార్లు చెప్పదు. డిస్కులో చోటు లేదని వస్తుంది. చూస్తే ముప్పై జీబీ ఖాళీగా ఉంటుంది. ఫైలు దొరకలేదని వస్తుంది. ఫైలు కళ్లెదుటే ఉంటుంది. మెసేజ్ నమ్మి హార్డ్‌డిస్క్ ఫార్మాట్ చేయించుకున్నవాళ్లు ఈ ప్రాంతంలో కొదవ లేదు. నా లెక్కలో అనుమానించాల్సిన వరస ఇది: మొదట పేరు, తరవాత దారి (డ్రైవ్ నుంచి ఫైలు వరకు ఉండే ఫోల్డర్ల వరస), ఆపైన ఫైలును ఏ ప్రోగ్రామైనా పట్టుకుని ఉందా, దాన్ని ముట్టుకునే హక్కులు మీకు ఉన్నాయా, చివరికి డిస్కు. ఒక్క మినహాయింపు ఉంది. డిస్కు నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తున్నా, కాపీ మధ్యలో సైక్లిక్ రిడండెన్సీ అనే మాట (డిస్కు మీది సరుకు సరిగా చదవలేకపోయానని దాని అర్థం) కనిపించినా ఈ వరస పక్కన పెట్టి నేరుగా డిస్కు గురించి రాసిన భాగానికి వెళ్లండి.

మొదలుపెట్టే ముందు

కట్ చేయకండి, కాపీ చేయండి. ఒకే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ నుంచి మరో ఫోల్డర్‌కు మార్చేటప్పుడు ఫైలు కదలదు, దాని చిరునామా ఒక్కటే మారుతుంది. డ్రైవ్ మారితే అలా కాదు. కంప్యూటర్ ఒక్కో ఫైలును కాపీ చేసి, పాతదాన్ని చెరిపేస్తూ పోతుంది. మధ్యలో కరెంటు పోతే సగం ఇక్కడ, సగం అక్కడ మిగులుతాయి. గంజాం తీరంలో 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను చూసినవాళ్లకు, గజపతి జిల్లాలో 2018 అక్టోబరులో తిత్లీ చూసినవాళ్లకు కరెంటు గురించి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు.

తరవాత ఈ చిన్న పరీక్ష చేయండి. సగం సమస్యలు ఇక్కడే తేలిపోతాయి.

1. కాపీ చేరవలసిన డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్ లోపలా కాకుండా పైనే, ఇంగ్లీషు అక్షరాలు రెండింటితో ఒక కొత్త ఫోల్డర్ తెరవండి.

2. మొండికేస్తున్న ఫైలును అలా ఉంచి, దాని పక్కనున్న మరో ఫైలును అందులోకి కాపీ చేయండి. ఇదీ కాకపోతే లోపం ఫైలుది కాదు, డిస్కుదో హక్కులదో.

3. పక్క ఫైలు కాపీ అయితే, మొండి ఫైలు పేరును ఇంగ్లీషులో ఐదారు అక్షరాలకు కుదించి మళ్లీ ప్రయత్నించండి. ఇప్పుడు అయిపోతే తప్పు పేరుదో దారిదో.

4. పేరే మారనంటే ఎవరో దాన్ని పట్టుకుని ఉన్నారు, లేదా ఆ పేరులోనే విండోస్ మింగలేనిది ఏదో ఉంది.

పేరులో ఉండే చిక్కులు

విండోస్‌లో ఫైలు పేరులో వాడకూడని గుర్తులు తొమ్మిది: \ / : * ? " < > |. ఫైళ్లు, ఫోల్డర్లు చూపించే విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో వీటిని టైపు చేయబోతే వెంటనే ఆపుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇబ్బందంతా పాత సాఫ్ట్‌వేర్‌లో సేవ్ చేసేటప్పుడు వస్తుంది. ఒడిశా భూమి రికార్డుల్లో ప్లాట్ నంబర్లు 312/1547 అన్నట్టు ఏటవాలు గీతతో ఉంటాయి. పట్టా స్కాన్‌కు అదే పేరు పెడితే, 312 అనే ఫోల్డర్‌లో 1547 అనే ఫైలు దాచమన్నారని ప్రోగ్రాం అనుకుంటుంది. అలాంటి ఫోల్డర్ లేదు కాబట్టి దారి తప్పని చెబుతుంది. బిల్లు పేరులో 12/05/2009 అని తేదీ రాసినా ఇంతే. ఏటవాలు గీత బదులు అడ్డగీత వాడండి. తేదీని 2009-05-12 అని సంవత్సరంతో మొదలుపెడితే ఫైళ్లు వరస క్రమంలో నిలబడతాయి, అదొక లాభం.

కోలన్ గుర్తు ఇంకా ప్రమాదకరం. ఎన్‌టీఎఫ్ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో కొన్ని పాత ప్రోగ్రాములు ‘పట్టా:రెండు’ లాంటి పేరును అడ్డు చెప్పకుండా ఒప్పుకుంటాయి. కనిపించేది మాత్రం ‘పట్టా’ అనే సున్నా కేబీ ఫైలు. అసలు సరుకు దాని వెనక రెండో ప్రవాహంగా దాగి ఉంటుంది. ఆ ఫైలును ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఖాళీ చిప్పే చేరుతుంది. అందుకే సున్నా కేబీ ఫైలు కనిపించగానే డిలీట్ నొక్కకండి. దాన్ని తయారుచేసిన ప్రోగ్రాంలోనే తెరిచి, మంచి పేరుతో మళ్లీ సేవ్ చేయండి.

ఇక విండోస్ తనకోసం అట్టిపెట్టుకున్న పేర్లు. విండోస్‌కు ముందటి డాస్ కాలం నుంచి పరికరాలకు పెట్టిన పేర్లివి: సీఓఎన్, పీఆర్ఎన్, ఏయూఎక్స్, ఎన్‌యూఎల్, సీఓఎం1 నుంచి సీఓఎం9 వరకు, ఎల్‌పీటీ1 నుంచి ఎల్‌పీటీ9 వరకు. వీటితో ఫోల్డర్ తెరవలేరు. చివర డాట్ పెట్టి, ఫైలు రకం తెలిపే ఎక్స్‌టెన్షన్ తగిలించినా పాత విండోస్ ఒప్పుకోదు. ఎవరికి కావాలి ఇలాంటి పేర్లు అనుకోవద్దు. కాలేజీ ఐడీ కార్డుల పని వచ్చినప్పుడు కామర్స్ మొదటి సంవత్సరానికి సీఓఎం1 అనీ రెండో సంవత్సరానికి సీఓఎం2 అనీ ఫోల్డర్లు తెరవబోయి, కీబోర్డు పాడైందనుకునే ఆపరేటర్లు ఎక్కడైనా ఉంటారు. ఇంటిపేరు, తండ్రిపేరు పొడి అక్షరాలు కలిసి పీఆర్ఎన్ అయ్యే కస్టమర్లూ ఉంటారు. ముందు ఒక అంకెనో ఊరిపేరో చేర్చండి, చాలు.

పెన్‌డ్రైవ్‌లో ఆటోరన్ అనే ఫోల్డర్, దాని లోపల ఇలాంటి అట్టిపెట్టిన పేరుతో ఏదో ఉండి, మొత్తం కాపీ అక్కడ ఆగిపోతూ ఉంటే కంగారు పడకండి. వైరస్ చొరబడకుండా కొన్ని టీకా ప్రోగ్రాములు కావాలనే అలా పెడతాయి. దాన్ని వదిలేసి మిగతావి కాపీ చేసుకోండి.

పేరు చివర చుక్కో ఖాళీనో ఉన్న ఫైళ్లు మరో రకం. లినక్స్ నుంచో మ్యాక్ నుంచో వచ్చిన డిస్కుల్లో కనిపిస్తాయి. తెరవబోతే లేదంటుంది, చెరపబోతే లేదంటుంది. కమాండ్లు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫోల్డర్‌కు వెళ్లి డీఐఆర్ అని రాసి, ఖాళీ విడిచి, స్లాష్ ఎక్స్ కొట్టండి. పేరు పక్కనే ఎనిమిది అక్షరాల పొట్టి పేరు, మధ్యలో అలల గుర్తు ~ తో కనిపిస్తుంది. ఆర్ఈఎన్ కమాండ్‌కు ఆ పొట్టి పేరునే ఇచ్చి పేరు మార్చండి. పొట్టి పేరు కనిపించకపోతే పూర్తి దారి ముందు \\?\ చేర్చి ప్రయత్నించండి. అప్పుడు విండోస్ పేరును దిద్దకుండా ఉన్నదున్నట్టు తీసుకుంటుంది.

డబ్బాలా, ప్రశ్నార్థకాలా?

తెలుగు, ఒడియా రెండూ వాడే మన షాపుల్లో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

ఫైలు పేరు చదరపు డబ్బాలుగా కనిపిస్తే పేరు చెక్కుచెదరలేదు. దాన్ని చూపించే ఫాంట్ మాత్రమే లేదు. ఎక్స్‌పీలో తెలుగుకు గౌతమి ఫాంట్ ఉంది. ఒడియాకు కళింగ ఫాంట్ ఎక్స్‌పీ తరవాతి విండోస్ అయిన విస్టాతో వచ్చింది. అందుకే కొత్త కంప్యూటర్‌లో ఒడియాలో పేరు పెట్టిన ఫైలు ఎక్స్‌పీలోకి వస్తే డబ్బాలు కడుతుంది. తెలుగు కూడా సరిగా కనిపించకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ పేజీలో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్న చోట టిక్కు పెట్టండి. ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది, దగ్గర ఉంచుకోండి.

ప్రశ్నార్థకాలు కనిపిస్తే సంగతి వేరు. అన్ని భాషల అక్షరాలనూ గుర్తించే యూనికోడ్ పద్ధతి తెలియని పాత ప్రోగ్రాం ఆ పేరును తనకు తెలిసిన 256 గుర్తుల పట్టికలోకి మార్చబోయి, కుదరక, ప్రతి అక్షరానికీ ఒక ? పెట్టేసింది. ప్రశ్నార్థకం పేరులో వాడకూడని గుర్తు కదా, కాబట్టి ఆ పేరుతో వెతికితే ఫైలు ఎప్పటికీ దొరకదు. యూనికోడ్ ఎరగని ప్రోగ్రాముల భాషను మార్చే సెట్టింగ్ ఒకటి విండోస్‌లో ఉంది. జపనీస్‌కో రష్యన్‌కో అది పనికొస్తుంది గానీ మనకు కాదు. తెలుగుకూ ఒడియాకూ అలాంటి పాత పట్టికే విండోస్‌లో లేదు. ఆ సెట్టింగ్‌తో కుస్తీ పట్టి సమయం పోగొట్టుకోకండి.

అసలు నష్టం ఎక్కడంటే, కొన్ని పాత జిప్, బ్యాకప్ ప్రోగ్రాములు ప్రశ్నార్థకం బదులు కింది గీత పెట్టి పని కానిచ్చేస్తాయి. ‘సీత’లో కంప్యూటర్ లెక్కన మూడు గుర్తులు: స, దీర్ఘ గుడి, త. ‘రాధ’లోనూ మూడే: ర, దీర్ఘం, ధ. రెండు ఫోటోలూ మూడు కింది గీతల పేరుతో తయారై, రెండోది మొదటిదాన్ని చెరిపేసి కూర్చుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు. అందుకని తెలుగు పేర్ల ఫైళ్లను పాత ప్రోగ్రాంతో జిప్ చేయకండి. ముందు ఎక్స్‌ప్లోరర్‌లో వాటి పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చండి. ఎక్స్‌ప్లోరర్‌కు యూనికోడ్ తెలుసు కాబట్టి అక్కడ పేరు మార్పు సాఫీగా సాగుతుంది. మారిన పేర్ల జాబితా ఒకటి నోట్‌ప్యాడ్‌లో రాసి, ఎన్‌కోడింగ్ దగ్గర యూనికోడ్ ఎంచుకుని సేవ్ చేస్తే తరవాత వెతుక్కోవడానికి ఉంటుంది.

చూడటానికి ఒకే పేరున్న రెండు ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో కనిపిస్తే అది కూడా లిపి సంగతే. ‘పైడితల్లి’లోని ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం కింద విడి గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. పాత మ్యాక్ డిస్కులు విడదీసి రాసుకుంటాయి, విండోస్ కీబోర్డు కలిపి రాస్తుంది. కంటికి తేడా తెలియదు, కంప్యూటర్‌కు అవి రెండు పేర్లు. ‘శ్రీనివాస్’ లాంటి పొల్లు పేర్ల చివర కీబోర్డు చేర్చే కనిపించని గుర్తు ఉన్నా ఇదే తంతు. పేరు మొత్తం చెరిపి, చేత్తో తిరిగి టైపు చేయడం ఒక్కటే తేలికైన మందు.

దారి పొడవు

డ్రైవ్ అక్షరం నుంచి ఫైలు ఎక్స్‌టెన్షన్ వరకు మొత్తం దారి 260 గుర్తులు దాటకూడదు. చివరి కనిపించని గుర్తు పోగా మీకు మిగిలేది 259. తెలుగులో రాస్తే ఇది ఎంత త్వరగా నిండుతుందో చూడండి: ‘లక్ష్మి’ కంటికి రెండక్షరాలు, కంప్యూటర్‌కు ఏడు గుర్తులు. పెళ్లివారి ఇంటిపేరు, ఊరు, తేదీ, ‘ఫైనల్ కరెక్షన్ తరవాత’ అంటూ ఫోల్డర్ లోపల ఫోల్డర్ తెరుచుకుంటూ పోతే నాలుగో అంతస్తుకే పరిమితి దాటుతుంది. ఎక్స్‌పీలో డెస్క్‌టాప్ దారే చాలా పొడవు. అక్కడి నుంచి కాపీ కానిది డీ డ్రైవ్ నుంచి అవుతుంది.

లోపలి ఫైలు పేరు మార్చడానికి తంటాలు పడకండి. బయటి ఫోల్డర్ పేర్లను ఒక్కొక్కటిగా కుదించుకుంటూ రండి. పేజ్‌మేకర్ లింకులు (వీటి సంగతి చివర్లో ఉంది) తెగుతాయని ఫోల్డర్ల పేర్లు మార్చకూడదనుకుంటే సబ్‌స్ట్ (ఎస్‌యూబీఎస్‌టీ) అనే కమాండ్ ఉంది: ఒక ఖాళీ డ్రైవ్ అక్షరం, ఆ పొడవాటి దారి ఇస్తే, లోపలి ఫోల్డరే కొత్త డ్రైవ్‌లా కనిపిస్తుంది. అక్కడి నుంచి కాపీ చేసుకోవచ్చు.

ఫైలు ఇంకెవరి చేతిలోనో ఉంటే

వాడుకలో ఉందన్న మెసేజ్ నిజమే చెబుతుంది, ఎవరి వాడుకలో అన్నది మాత్రం చెప్పదు. పేజ్‌మేకర్ మూసినా వెనక నడుస్తూ ఉండొచ్చు; కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి ప్రాసెస్‌ల జాబితాలో చూడండి. ఫోటోల ఫోల్డర్ అయితే థంబ్స్ డీబీ అనే దాగిన ఫైలును ఎక్స్‌ప్లోరరే పట్టుకుని ఉంటుంది. వ్యూను డీటెయిల్స్‌కు మార్చి, ఫోల్డర్ మూసి తెరవండి. అప్పటికీ వదలకపోతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైండ్ హ్యాండిల్ నొక్కి ఫైలు పేరు ఇవ్వండి, పట్టుకున్నదెవరో చూపిస్తుంది. అంత ఓపిక లేకపోతే కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ఏదీ తెరవకముందే పేరు మార్చండి.

హక్కులు, వైరస్‌లు

పాత సీడీల నుంచి తెచ్చుకున్న ఫైళ్లకు రీడ్ ఓన్లీ గుర్తు అంటుకుని ఉండొచ్చు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టిక్కు తీసేసి, లోపలి వాటికీ వర్తింపజేయండి.

చెడిపోయిన కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌ను తెచ్చి మరోదానికి తగిలిస్తే యాక్సెస్ డినైడ్ రావడం సహజం. ఆ ఫైళ్ల యజమాని పాత విండోస్‌లోని యూజర్. ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో ఫోల్డర్ ఆప్షన్స్‌కు వెళ్లి సింపుల్ ఫైల్ షేరింగ్ టిక్కు తీసేస్తే సెక్యూరిటీ పేజీ కనిపిస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్, ఓనర్ అని వెళ్లి యాజమాన్యం మీ పేరుకు మార్చుకోండి. ఎక్స్‌పీ హోమ్‌లో అయితే సేఫ్ మోడ్‌లోకి వెళితేనే ఆ పేజీ దొరుకుతుంది.

పాత సాఫ్ట్‌వేర్‌ను విండోస్ 7లోనో 10లోనో నడుపుతున్నవారికి ఒక విచిత్రం ఎదురవుతుంది. ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్‌లో సేవ్ చేసిన ఫైలు ఆ ప్రోగ్రాంలో కనిపిస్తుంది, ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించదు. విస్టా నుంచి విండోస్ అలాంటి ఫైళ్లను చడీచప్పుడు లేకుండా యూజర్ ఫోల్డర్ లోపల ఆప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అనే చోటికి మళ్లిస్తుంది. అక్కడ వెతకండి. కాపీ చేసేటప్పుడు ఆ ఫోల్డర్‌ను మరిచిపోకండి.

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయాయా? అది వైరస్. అసలు ఫోల్డర్లను దాచి, వాటికి సిస్టమ్ గుర్తు తగిలిస్తుంది. మామూలుగా హిడెన్ టిక్కు తీయబోతే అది మసకబారి ఉంటుంది. షార్ట్‌కట్ ఏదీ తెరవకుండా కమాండ్ ప్రాంప్ట్‌లో ఆట్రిబ్ (ఏటీటీఆర్ఐబీ) కమాండ్‌తో హెచ్, ఆర్, ఎస్ (హిడెన్, రీడ్ ఓన్లీ, సిస్టమ్) గుర్తులు మూడింటినీ మైనస్ పెట్టి తొలగించండి. స్లాష్ ఎస్, స్లాష్ డీ చేరిస్తే లోపలి ఫోల్డర్లకూ వర్తిస్తుంది.

డిస్కు సంగతి

ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఒక్కో ఫైలు నాలుగు జీబీలకు ఒక బైటు తక్కువ వరకే పడుతుంది. పెళ్లి వీడియో కాపీ కాకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. డ్రైవ్‌ను ఖాళీ చేసి ఎన్‌టీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేసుకోండి, లేదా వీడియోను ముక్కలు చేయండి.

రెండు జీబీలకు లోపున్న పాత కార్డులు ఫ్యాట్16లో ఉండొచ్చు. అందులో ఏ ఫోల్డర్ లోపలా కాకుండా పైన, ఫైళ్ల పేర్లు రాసుకోవడానికి మామూలుగా 512 గడులే ఉంటాయి. పొడవు పేరు ప్రతి 13 గుర్తులకూ ఒక గడి తింటుంది, పొట్టి పేరుకు మరొకటి. పొడుగాటి తెలుగు పేర్లతో నూరు ఫోటోలు పడగానే చోటున్నా ఇక తీసుకోదు. ఒక ఫోల్డర్ తెరిచి అందులో వేయండి, ఆ పరిమితి ఫోల్డర్లకు లేదు.

సైక్లిక్ రిడండెన్సీ ఎర్రర్ వస్తే మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి. సీడీ అయితే మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి, మరో డ్రైవ్‌లో పెట్టి చూడండి. హార్డ్‌డిస్క్ అయితే ముఖ్యమైన ఫైళ్లు ముందు తీసుకోండి, చెక్‌డిస్క్ తరవాత నడపండి. మరమ్మతు పేరుతో అది డిస్కును ఇంకా తిప్పుతుంది, చావు దగ్గరపడ్డ డిస్కుకు అది మంచిది కాదు.

ఎక్స్‌పీలో ఇంకొకటి. చదవడంలో ఆరు తప్పులు దాటితే అది డిస్కును డీఎంఏ అనే వేగమైన పద్ధతి నుంచి నిదానమైన పీఐఓ పద్ధతికి దించేస్తుంది, తిరిగి పైకి తీసుకురాదు. నిమిషంలో అయ్యే కాపీ అరగంట సాగుతుంది, మౌస్ కూడా ఆగి ఆగి కదులుతుంది. డివైస్ మేనేజర్‌లో ఆ డిస్కు తగిలి ఉన్న ఐడీఈ చానెల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ దాన్ని తిరిగి గుర్తించి వేగం అందుకుంటుంది. మళ్లీ దిగజారితే కేబులో డిస్కో మార్చాల్సిందే.

పేజ్‌మేకర్ ఫైళ్ల పేర్లు

పేరు మార్పు సాఫీగా జరిగి, తరవాత కార్డులో ఫోటోలు మాయమయ్యే సందర్భం ఇది. పేజ్‌మేకర్ పెద్ద ఫోటోలను లోపల దాచుకోదు, అవి ఉన్న దారిని గుర్తుపెట్టుకుంటుంది. ఫోటో పేరు మారినా, ఫోల్డర్ పేరు మారినా లింకు తెగుతుంది. కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌లో విడివిడిగా కాపీ చేయకుండా పేజ్‌మేకర్‌లోనే సేవ్ యాజ్ తెరిచి, కాపీ అన్న చోట లింకు ఉన్న ఫైళ్లన్నీ అనే ఎంపిక పెట్టి కొత్త ఫోల్డర్‌లోకి సేవ్ చేయండి. కార్డుకు కావలసినవన్నీ ఒకేచోట చేరతాయి. ఫాంట్లు మాత్రం రావు, వాటిని వేరుగా తీసుకెళ్లాలి.

అంతా ఒకేసారి తరలించేటప్పుడు

పెద్ద ఫోల్డర్‌ను ఎక్స్‌పీ ఎక్స్‌ప్లోరర్‌తో లాగి వదిలితే ఒక్క చెడ్డ ఫైలు దగ్గర మొత్తం ఆగిపోతుంది. రోబోకాపీ అనే కమాండ్ అలా ఆగదు, పొడవాటి దారులకూ బెదరదు. విస్టా నుంచి విండోస్‌లోనే ఉంది కాబట్టి, పాత డిస్కును కొత్త కంప్యూటర్‌కు తగిలించి అక్కడి నుంచి నడపండి. స్లాష్ ఈ పెడితే ఖాళీ ఫోల్డర్లతో సహా అన్నీ వస్తాయి. స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 తప్పనిసరిగా పెట్టండి. లేకపోతే చదవలేని ఒక్కో ఫైలుకు 30 సెకన్ల చొప్పున ఆగుతూ పది లక్షల సార్లు ప్రయత్నించడం దాని అలవాటు. ఒకవైపు ఫ్యాట్ డ్రైవ్ ఉంటే స్లాష్ ఎఫ్ఎఫ్‌టీ కూడా చేర్చండి. ఫ్యాట్ సమయాన్ని రెండేసి సెకన్ల లెక్కన రాసుకుంటుంది. ఈ గుర్తు లేకపోతే మారని ఫైళ్లను కూడా మారినవనుకుని మళ్లీ కాపీ చేస్తుంది. స్లాష్ లాగ్ కోలన్ తరవాత ఒక ఫైలు పేరు ఇస్తే ఏవి రాలేదో జాబితా మిగులుతుంది. ఆ జాబితాలోని వాటికే పైన చెప్పిన పరీక్షలు చేయండి.

పాత డిస్కును అటకెక్కించే ముందు రెండు వైపులా ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, సైజు పక్కన బ్రాకెట్‌లో ఉండే బైట్ల అంకె పోల్చండి. సైజ్ ఆన్ డిస్క్ అనే అంకె పోల్చవద్దు. అది డ్రైవ్ ఫార్మాట్‌ను బట్టి మారుతుంది, తేడా ఉన్నా దోషం కాదు. తరవాత జాబితాను సైజు వరసలో పెట్టి సున్నా కేబీ ఫైళ్లేమైనా కొత్తగా పుట్టాయేమో చూడండి, అన్నిటికంటే పెద్ద ఫైళ్లు రెండు మూడు తెరిచి చివరి పేజీ వరకు వెళ్లి చూడండి.